మనసు జబ్బులకి వైద్యం చేసిన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ చెప్పినవి చాలావరకు తప్పని తేలాక ఆయన్ని ఇంకా చదవడం దేనికి?

సైన్సు కోసమైతే అక్కర్లేదు. కొడుక్కి తల్లి మీద మోజు, తండ్రి మీద అసూయ ఉంటాయనే ఆయన ఈడిపస్ కాంప్లెక్సు బట్టీపట్టి ఎంఏ సైకాలజీ గట్టెక్కినదాన్నే నేనూ, మళ్లీ దాని అవసరం పడలేదు. కానీ ఆయన రాసిన కేసులు చదవండి, ముఖ్యంగా 'డోరా' అని మారుపేరు పెట్టి రాసిన ఓ అమ్మాయి కేసు.

అసలు పేరు ఇడా బావర్. 1900లో వియన్నాలో తండ్రే ఫ్రాయిడ్‌కి అప్పజెప్పాడు. అప్పటికి 18 ఏళ్లు. దగ్గు, ఉన్నట్టుండి గొంతు పోవడం. తండ్రికి స్నేహితుడి భార్యతో సంబంధం. ఆ స్నేహితుడు ఈ పిల్ల వెంటపడితే చెంప ఛెళ్లుమనిపించింది. ఇంట్లో చెబితే 'అంతా నీ ఊహ' అన్నారు. ఊహ కాదని ఫ్రాయిడ్ మాత్రం నమ్మాడు. నమ్మి ఊరుకున్నాడా? 'లోపల నీకూ అతనంటే ఇష్టమే' అని తేల్చాడు. కాదంటే అది కూడా అవుననే లెక్క! డిసెంబరు 31న ఆ పిల్ల నీకో దణ్ణం అని వెళ్లిపోయింది. మంచి పని చేసింది.

మా పిన్నికీ ఓసారి ఇలాగే గొంతు పోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. పెదాలు కదులుతాయి, మాట రాదు. దగ్గితే మాత్రం ఖంగుమని శబ్దం వచ్చేది. ఈఎన్‌టీ డాక్టరు కెమెరా దించి చూసి, అంతా బాగుంది, టెన్షన్ అని బీ కాంప్లెక్సు రాశాడు. అత్తగారు తాయెత్తు కట్టించింది. చివరికి ఓ పెద్దాయన, సైకియాట్రిస్టు, మా అందర్నీ బయటికి పంపి తలుపేశాడు. కాసేపటికి లోపల్నుంచి పిన్ని ఏడుపు, గట్టిగానే వినిపించింది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం, ఏ కాగితమో చెప్పకుండా సంతకం పెట్టించుకుని బాబాయి అమ్మేశాడట. 'కోపం రాకపోతేనే వింతమ్మా' అన్నాడట డాక్టరు. కొత్త అర్థాలేవీ తీయలేదు. గొంతు మామూలవడానికి మాత్రం వారాలు పట్టింది.

ఆ మాటకొస్తే ఈ మాట్లాడించే వైద్యం ఫ్రాయిడ్ కనిపెట్టిందీ కాదు. అంతకుముందే బ్రాయర్ అనే డాక్టరు దగ్గర బెర్తా పాపెన్‌హైమ్ అనే పేషంటుతో మొదలైంది, పేరు కూడా ఆవిడే పెట్టింది. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన 1895 పుస్తకంలో ఆవిడకి నయమైపోయినట్టు రాసుకున్నారు గానీ, బ్రాయర్ వైద్యం ముగిశాక కూడా ఆవిడ శానిటోరియంలో ఉండాల్సొచ్చింది.

ఇప్పుడు రీల్స్ నిండా, మీ లోపలి మనసుని బాగుచేస్తామనే సబ్‌కాన్షస్ కోచ్‌లే. ఫ్రాయిడ్‌కున్న ఓపికలో వీసమెత్తు రాలేదు, జబ్బు మాత్రం పూర్తిగా అంటుకుంది. వాళ్లు చెప్పింది కాదన్నారంటే అదే మీ 'బ్లాక్' అంటారు, దాన్ని తీయడానికి ఇంకో కోర్సు, ఇంకో ఫీజు.