రికార్డుల మూల: సూది అరిగితే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. నాలుగేళ్ల కిందట వచ్చినప్పుడు నాకు ఆర్టోఫాన్ కాడెంజా బ్లూ కార్ట్రిడ్జ్ తెచ్చి, తనే టర్న్‌టేబుల్‌కి బిగించి వెళ్లాడు. రోజూ సాయంత్రం గంట, గంటన్నర రికార్డులు వింటాను. ఈమధ్య గాత్ర కచేరీల్లో 'స', 'ష' పలికిన చోటల్లా బుసలు కొడుతున్నట్టు వినిపిస్తోంది. రికార్డు చివరికి వచ్చేసరికి అది మరీ ఎక్కువవుతోంది. ఇక్కడి రిపేరు షాపాయన సూది అరిగిందనీ, ఊడదీసి వేరేది అంటించడానికి రెండు వేలవుతుందనీ అంటున్నాడు. అబ్బాయేమో కొత్త కార్ట్రిడ్జే పంపిస్తానంటున్నాడు. వాడి చేత మళ్లీ అంత డబ్బు పెట్టించడం నాకిష్టం లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు షాపాయనకి వద్దని చెప్పెయ్యండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

సూదిని పట్టి ఉంచి, దాని కదలికని కరెంటుగా మార్చే చిన్న డబ్బీనే కార్ట్రిడ్జ్ అంటారు. మీది మూవింగ్ కాయిల్ రకం. ఎక్కువమంది ఇళ్లలో ఉండేది మూవింగ్ మాగ్నెట్ రకం. అందులో సూది కొసతో పాటు కదిలేది చిన్న అయస్కాంతం, తీగ చుట్లు మాత్రం బాడీలోనే కదలకుండా ఉంటాయి. కాబట్టి సూది ఉన్న ముక్కని వేళ్లతో లాగేసి కొత్తది తోసేస్తే పనైపోతుంది. మీ దాంట్లో కదిలేవి ఆ తీగ చుట్లే. చుట్లు, వాటిని పట్టి ఉంచే రబ్బరు, ముందుకు చాచిన కడ్డీ, కడ్డీ కొసన వజ్రం అన్నీ కలిసి ఒకే అమరిక. ఇంట్లో విడదియ్యడానికి కుదరదు. పైగా మీ మోడల్లో ఆ కడ్డీ రూబీతో చేసింది. అల్యూమినియం అయితే చెయ్యి జారినప్పుడు వంగుతుంది, రూబీ పుటుక్కున విరుగుతుంది. చెప్పుకి అట్ట మార్చినట్టు రెండు వేలకి మార్చేసే పని కాదిది. ఇంకో మాట: ఏ షాపులోనైనా మీటరు తీసి కార్ట్రిడ్జ్ పిన్నులకి పెట్టి 'కాయిల్ బాగుందో లేదో' చూడబోతే ఆపండి. మీటరు పంపే కరెంటు ఆ సన్నని చుట్లకి మంచిది కాదు.

ఇక అసలు సూది అరిగిందా? లెక్క ప్రకారం అరిగే ఉండాలి. మీరు చెప్పినట్టు రోజుకి గంటంబావు వేసుకున్నా ఏడాదికి 450 గంటల పైమాట. నాలుగేళ్లకి 1800 దాటింది. జాగ్రత్తగా వాడితే 1000 గంటల వరకు ధ్వనిలో తేడా రాదని ఆర్టోఫాన్ చెబుతుంది. ఆడియో టెక్నికా వాళ్లు తమ సూదులకి ఆకారాన్ని బట్టి లెక్క చెబుతారు: గుండ్రటి కొసకి 500 గంటలు, ఎలిప్టికల్‌కి 300, షిబాటాకి 800, మైక్రోలైన్‌కి 1000. వజ్రం అరగడమేమిటని చాలామంది నవ్వుతారు. ఎల్పీ మీద బయటి అంచు దగ్గర గాడి సెకనుకి 50 సెంటీమీటర్ల వేగంతో సూది కింద నుంచి సాగిపోతుంది, లోపలి అంచు దగ్గర 20 సెంటీమీటర్లు. సగటు తీసి గుణిస్తే 1000 గంటల్లో ఆ కొస గాడిని రాసుకుంటూ వెళ్లే దూరం దాదాపు 1300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం వెళ్లేంత దూరం. దారంతా దుమ్మే.

అయినా లెక్క చూసి తీర్పు చెప్పెయ్యను. మీరు చెప్పిన బుసలకి ఇంకో మూడు కారణాలు ఉండొచ్చు. మొదటిది, కొసకి ముద్దకట్టిన మురికి. మీది సముద్రం ఒడ్డు ఊరు, రికార్డులకి బూజు పట్టకుండా ఉండదు, అదంతా సూదికి అంటుకుంటుంది. మెత్తని బ్రష్‌తో వెనక నుంచి ముందుకి, అంటే రికార్డు తిరిగే వైపుకే తుడవండి. పక్కకి గానీ ముందు నుంచి వెనక్కి గానీ వద్దు. ఆ పని చేసేటప్పుడు యాంప్లిఫయర్ సౌండ్ పూర్తిగా తగ్గించండి. రెండోది, సూది రికార్డు మీద మోపే బరువు. మీ కార్ట్రిడ్జ్‌కి 2.5 గ్రాములు ఉండాలి. టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే పొడవాటి చెయ్యి) మీది అంకెని నమ్మకుండా, ఆన్‌లైన్లో దొరికే చిన్న డిజిటల్ కాటాతో చూడండి. తక్కువ బరువు పెడితే రికార్డు భద్రంగా ఉంటుందనుకుని చాలామంది తగ్గిస్తారు. అది తప్పు. తేలికైన సూది గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడుతూ ఎక్కువ పాడు చేస్తుంది. మూడోది, కార్ట్రిడ్జ్ పక్కకి జరగడం. మరలు కొంచెం వదులైనా కోణం తప్పుతుంది. గాడి నెమ్మదించే లోపలి అంచు దగ్గరే ఆ తేడా ఎక్కువగా బయటపడుతుంది. అబ్బాయి బిగించినప్పుడు కోణం చూసుకోవడానికి వాడిన ప్రొట్రాక్టర్ కాగితం ఇంట్లో ఉంటే మళ్లీ సరిచూడండి.

ఈ మూడూ సరిగ్గా ఉండి, పెద్దగా వాడని శుభ్రమైన రికార్డు మీద కూడా బుసలు వస్తే అప్పుడు సూదినే అనుమానించాలి. చేతిలో పట్టుకునే పదిరెట్ల భూతద్దంతో అరుగుదల కనబడదు. కొస ఊడిందా, కడ్డీ వంగిందా అన్నంత వరకే అది పనికొస్తుంది. డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఉండే మైక్రోస్కోప్ చాలు. 100 నుంచి 200 రెట్లు పెంచి, పక్కనుంచి లైటు పడేలా పెట్టి చూడండి. వజ్రానికి రెండు వైపులా నున్నటి బల్లపరుపు మచ్చలు తళుక్కుమంటే అరిగినట్టే. తెలిసిన లెక్చరర్ ఉంటే పది నిమిషాల పని.

అరిగిందని తేలితే ఆ రోజు నుంచే మీకు ప్రాణమైన రికార్డులు దాని కింద పెట్టకండి. మీ సూది కొస గాడి గోడని పొడవాటి సన్నని గీతలా తాకుతుంది. అరిగాక ఆ గీత ఉలి అంచుగా మారి పైస్థాయి నాదాల్ని చెక్కేస్తుంది. కొత్త సూది పెట్టినా చెక్కేసినవి తిరిగి రావు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీకు రెండు దారులు. ఒకటి ఎక్స్‌ఛేంజ్. ఖరీదైన మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లకి ఆర్టోఫాన్ డీలర్ ద్వారా పాతది తీసుకుని, తగ్గింపు ధరకి కొత్తది ఇస్తుంది. పేరుకి సూది మార్పిడే, నిజానికి మీ చేతికి కొత్త కార్ట్రిడ్జే వస్తుంది. రెండోది రీటిప్పింగ్: బయటి నిపుణులు మీ కార్ట్రిడ్జ్‌నే ఉంచి కొత్త వజ్రం, అవసరమైతే కొత్త కడ్డీ కూడా అమరుస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో పీక్స్‌కిల్ అనే ఊళ్లో సౌండ్‌స్మిత్ సంస్థ ఈ పని చేస్తుంది, న్యూజెర్సీ నుంచి దూరమేమీ కాదు. రీటిప్పింగ్‌లో ఒక మెలిక ఉంది. వేరే వజ్రం, వేరే జిగురు, ఒక్కోసారి వేరే కడ్డీ, దానికి పాత రబ్బరు. మంచి చేతిలో పడితే బ్రహ్మాండంగా పాడుతుంది, కానీ అది ఆర్టోఫాన్ వినిపించాలనుకున్న కాడెంజా బ్లూ కాదు. బయటివాళ్లు ఒకసారి చెయ్యి పెట్టాక కంపెనీ ఎక్స్‌ఛేంజ్‌కి తీసుకుంటుందో లేదో ముందే డీలర్‌ని అడగండి.

నన్నడిగితే ఈ వయసున్న కార్ట్రిడ్జ్‌కి — నాలుగేళ్లదే కదా — ఎక్స్‌ఛేంజ్‌కే ఓటు. కంపెనీ తయారీ ఆపేసిన పాత కార్ట్రిడ్జ్ అయితే కళ్లు మూసుకుని రీటిప్పింగ్ అనేదాన్ని. కొరియర్లో పంపి, కస్టమ్స్ వాళ్లకి 'ఇది పాతది, రిపేరుకి వెళ్తోంది' అని కాగితాలు చూపించే టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. అబ్బాయి వచ్చినప్పుడు మూత పెట్టి, దాని డబ్బాలోనే ఇచ్చి పంపండి.

తిరిగి బిగించేటప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ని దగ్గరికి రానివ్వకండి. మూవింగ్ కాయిల్‌లోని అయస్కాంతం బలమైనది, స్క్రూడ్రైవర్ని లాగేసుకుంటే కడ్డీ గతేమిటో చెప్పక్కర్లేదు. ఇత్తడిది వాడండి. వైర్లు: కుడికి ఎరుపు, ఆకుపచ్చ, ఎడమకి తెలుపు, నీలం. పిన్నులకి సోల్డర్ పెట్టకండి. మేము విజయవాడ రేడియో స్టేషన్లో సూది మార్చిన తేదీని అట్టముక్క మీద రాసి ప్లేయర్ పక్కనే తగిలించేవాళ్లం. మీరూ అలా ఒకటి పెట్టుకోండి. మొదటి కొన్ని పదుల గంటలు ధ్వని కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది. రబ్బరు సర్దుకోగానే విప్పారుతుంది, అప్పుడొకసారి బరువు మళ్లీ చూడండి.

ప్రశ్న: తాతగారి 78 ఆర్పీఎం రికార్డుల్ని మామూలు ఎల్పీ సూదితో వెయ్యొచ్చా? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెయ్యకండమ్మా. 78 గాడి వెడల్పు, ఎల్పీ గాడి ఇరుకు. ఎల్పీ గుండ్రటి సూది కొస వ్యాసార్ధం 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), 78కి కావలసింది 65 దగ్గర. చిన్న సూది గాడి అడుగున పడి పొర్లుతుంది. మీకు వినిపించేది పాట కంటే గరగర ఎక్కువ, సూదీ పోతుంది. ఆర్టోఫాన్ 2ఎమ్ లాంటి మూవింగ్ మాగ్నెట్‌కైతే 78 సూది విడిగా దొరుకుతుంది, మార్చడం చిటికెలో పని. తాతగారి గ్రామఫోన్ కూడా ఉండి, దాని మీదే వేస్తానంటే స్టీలు సూదిని రికార్డు ఒక వైపుకి ఒకటి చొప్పున మార్చాల్సిందే. పొదుపు చెయ్యకండి.

ప్రశ్న: నా 2ఎమ్ రెడ్ కార్ట్రిడ్జ్‌కి బ్లూ సూది సరిపోతుందా? బ్లాక్ సూదో? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బ్లూ సరిపోతుంది. రెడ్, బ్లూ ఒకే బాడీ. బ్లాక్ సూది 2ఎమ్‌లోనే ఇంకో రకమైన బ్రాంజ్ బాడీ ఉన్నవాళ్లకే, మీకు కుదరదు.