పల్లె బడికి తోడుగా: ఆఫ్రికాలో తొలి చదువులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మా శీర్షికకు హైదరాబాదు నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాల్లో, ఆఫ్రికా దేశాల పల్లె బడుల్లో స్వచ్ఛందంగా పనిచేయడం గురించి అడిగినవి చాలా ఉన్నాయి. వాటిలో ఐదింటిని ఎంచుకున్నాము. మిగతా విషయాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి స్థలమంతా వీటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులకే చెప్పాను. మా అమ్మాయి నైరోబీలో ఉంటోంది. అక్కడి తెలుగువారు కొందరు పశ్చిమ కెన్యాలో ఒక పల్లె బడికి సాయం చేస్తూ, నెల రోజులు వచ్చి పిల్లలకు చదవడం నేర్పమని నన్ను అడుగుతున్నారు. నాకు స్వాహిలీ రాదు, ఇంగ్లీషు ఫరవాలేదు. నేను వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?
విశ్రాంత ఉపాధ్యాయిని, మల్కాజిగిరి

జవాబు: తప్పకుండా వెళ్లండి. అయితే పిల్లలకు పాఠం చెప్పడానికి కాకుండా, వారికి ఏడాది పొడవునా పాఠం చెప్పే ఉపాధ్యాయులకు తోడుగా వెళ్లండి. చదవడం నెల రోజుల్లో పట్టుబడే విద్య కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు ఎంత బాగా చెప్పినా, మీరు తిరిగి వచ్చేశాక ఆ పిల్లలు మళ్లీ తమ టీచరు ముందే కూర్చోవాలి. ఆ నెల రోజులూ ఆమె ఒక మూల నిలబడి మీ పాఠం చూస్తూ ఉండిపోతే, పిల్లల దృష్టిలో ఆమె స్థానం తగ్గుతుందే తప్ప ఆమె చేతికి కొత్తగా అందేది ఏమీ ఉండదు.

భాష సంగతి ఇంకా ముఖ్యమైనది. పశ్చిమ కెన్యాలో కిసుము, సియాయా వైపు పిల్లలు ఇంట్లో ధోలువో మాట్లాడతారు. కకమెగా వైపు లుహ్యా భాషలు మాట్లాడతారు. వీధిలోకి వస్తే స్వాహిలీ, పుస్తకం తెరిస్తే చాలావరకు ఇంగ్లీషు. మొదటి మూడు తరగతుల్లో ఆ ప్రాంతపు భాషలోనే బోధించాలన్నది అక్కడి ప్రభుత్వ విధానం. అయినా పరీక్షల భయం వల్ల, తల్లిదండ్రుల కోరిక వల్ల చాలా బడుల్లో ఇంగ్లీషు ముందే వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో గోండి మాత్రమే మాట్లాడే ఆదిలాబాదు పిల్లవాడు తొలిరోజుల్లో తెలుగు వాచకం ముందు ఎలా బిక్కమొహం వేస్తాడో చూసినవారికి ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. మీరు వెళ్లి ఇంగ్లీషులో పాఠం మొదలుపెడితే ఆ బరువు మరికాస్త పెరుగుతుంది.

పిల్లలు బడికి రాకపోవడం వల్లనే చదువు రావడం లేదని కూడా అనుకోవద్దు. ప్రాథమిక విద్యలో ఫీజులను మలావి 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ఎత్తివేశాయి. పిల్లలు వెల్లువలా వచ్చారు. గదులు, పుస్తకాలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మాత్రం అంత వేగంగా రాలేదు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో పదేళ్ల పిల్లల్లో 89 శాతం మంది ఒక సులువైన కథను చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు, యునిసెఫ్ తదితర సంస్థలు 2022లో అంచనా వేశాయి. వారిలో బడి ముఖం చూడనివారూ ఉన్నారు గానీ, ఎక్కువమంది రోజూ వచ్చి తరగతిలో కూర్చునే పిల్లలే. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

ఇక మీరు చేయగలిగిన పని. మొదటి వారం ఏమీ చెప్పకుండా తరగతి వెనక కూర్చోండి. నల్లబల్ల మీద ‘మ, మె, మి, మొ, ము’ అనే వరుస ఉంటుంది. టీచరు కర్రతో ఒక్కొక్కటీ చూపిస్తుంటే తరగతి మొత్తం ఒకే గొంతుతో అంటుంది. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ వరుస పిల్లలకు నోటికి మాత్రమే వచ్చిందా, కంటికి కూడా వచ్చిందా అన్నది పట్టుకోవడం మీవంటి ఒకటో తరగతి టీచర్లకే బాగా తెలుసు. బడి వదిలాక, ఆ టీచరును పక్కన కూర్చోబెట్టుకుని, ఐదుగురు పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి చూడండి. వరుసను కలగాపులగం చేసి రాసిన కాగితం ఒకటి, ఒక పెన్సిల్, సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే చాలు. 2006 నుంచి అనేక దేశాల్లో వాడుతున్న తొలి తరగతుల పఠన పరీక్ష పద్ధతి కూడా ఇదే. అందులో పిల్లవాడు ఒక అక్షరం దగ్గర మూడు సెకన్లు ఆగిపోతే తరువాతి దానికి వెళ్తారు; మొదటి వరుసలోని పది అక్షరాల్లో ఒక్కటీ చెప్పలేకపోతే, అతణ్ణి ఇబ్బంది పెట్టకుండా అక్కడితో ఆపేస్తారు. కాగితంపై గుర్తులు టీచరునే పెట్టనివ్వండి. ఏ అక్షరం దగ్గర ఎంతమంది ఆగిపోయారో ఆమె కళ్లతో ఆమె చూసుకున్నాక, రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో మీరు చెప్పవలసిన అవసరమే రాదు. ఈ పరీక్షను తరగతి అందరి ముందూ మాత్రం చేయకండి. అది టీచరును తనిఖీ చేసినట్టు ఉంటుంది.

స్వాహిలీలో ఐదే అచ్చులు, రాసినట్టే చదువుతారు. కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగులు నేర్పే పద్ధతికంటే, అక్షరాలు కలిపి సరళ పదాలు చదివించే మన తెలుగు పద్ధతే దానికి దగ్గరగా ఉంటుంది. ‘కు’ వచ్చిన పిల్లవాడు రెండుసార్లు కలిపితే ‘కుకు’, అంటే కోడి, చదవగలడు. అలాంటి పదాలు, పలకరింపులు, తరగతి గదిలో వాడే మాటలు ఇక్కడి నుంచే నేర్చుకుని వెళ్లండి. అక్కడ టీచరును ‘మ్వాలిము’ అని గౌరవంగా పిలుస్తారు; మీరూ అలాగే పిలవండి.

ప్రశ్న: నేను డీఎల్ఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాక్టీసు బడుల్లో టీచర్లు శిక్షణలకు వెళ్లి వస్తారు గానీ, తరగతిలో మార్పు కనిపించదు. ఆఫ్రికాలో టీచర్ల శిక్షణ వల్ల పిల్లలకు చదవడం వచ్చిందని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయా?
విద్యార్థి, చిక్కడపల్లి

జవాబు: ఉన్నాయి. మీరు గమనించిన లోపాన్నే పరీక్షించిన అధ్యయనం ఒకటి ఉంది. దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ రాష్ట్రంలో సెత్స్వానా మాట్లాడే పిల్లల బడుల్లో 2015లో దీన్ని మొదలుపెట్టారు. ఒక వర్గం బడుల టీచర్లను ఒకచోటికి పిలిచి శిక్షణ ఇచ్చారు. మరో వర్గం బడులకు శిక్షకులే వెళ్లి, తరగతి గదిలోనే కూర్చుని, పాఠం చూసి, టీచరుతో మాట్లాడి వచ్చారు. పాఠ్య ప్రణాళికలు, చదివించే సామగ్రి రెండు వర్గాలకూ ఒకటే. రెండేళ్ల తరువాత చూస్తే, తరగతికి వెళ్లి తోడ్పడిన బడుల్లో పిల్లల పఠనం, పిలిచి శిక్షణ ఇచ్చిన బడులతో పోలిస్తే సుమారు రెండింతలు మెరుగుపడింది. ఖర్చు ఎక్కువే అయినా, పెట్టిన రూపాయికి దక్కిన ఫలితం కూడా ఎక్కువే.

కెన్యా ఇదే దారిలో దేశమంతటా నడిచింది. 2015లో మొదలైన ‘తుసోమే’ అనే పఠన కార్యక్రమం అంతకు ముందు చేసిన ప్రయోగాల మీద నిలబడింది. శిక్షణ మాత్రమే ఇస్తే ఎంత, శిక్షణతో పాటు ప్రతి పిల్లవాడి చేతికీ ఒక పుస్తకం ఇస్తే ఎంత, వాటికి తోడు రోజువారీ పాఠం ఎలా నడపాలో చెప్పే టీచర్ గైడు కూడా ఇస్తే ఎంత అని ఆ ప్రయోగాల్లో విడివిడిగా చూశారు. మూడూ కలిసినప్పుడే ఫలితం అత్యధికంగా వచ్చింది. ఆ తరువాత మన మండల రిసోర్సు పర్సన్ల వంటి క్షేత్ర అధికారులకు ట్యాబ్లెట్లు ఇచ్చి బడులకు పంపారు. వారు పాఠం చూడటంతో ఆగకుండా, కొందరు పిల్లలను పిలిచి చదివించి, ఎలా చదివారో అక్కడికక్కడే నమోదు చేసేవారు. రిజిస్టరులో సంతకం పెట్టి, టీ తాగి వచ్చేసే సందర్శనకూ దీనికీ ఎంత తేడా ఉందో మీరే ఆలోచించండి.

ఉగాండాలో వచ్చిన ఒక ఫలితం మాత్రం మనసులో పెట్టుకోదగినది. ఉత్తర ఉగాండాలో లాంగో భాషలో చదవడం, రాయడం నేర్పే కార్యక్రమాన్ని దాని రూపకర్తలే పూర్తిస్థాయిలో నడిపిన బడుల్లో పిల్లలు బాగా ముందుకు వెళ్లారు. అదే కార్యక్రమాన్ని ఖర్చు తగ్గించి, తోడ్పాటును కుదించి నడిపిన బడుల్లో అక్షరాలు గుర్తించడంలో కొంత మెరుగు కనిపించింది గానీ, రాయడంలో పిల్లలు ఏ సాయమూ అందని బడుల పిల్లలకంటే వెనకబడ్డారు. మంచి పద్ధతిలో సగం తీసుకుంటే సగం ఫలితమైనా వస్తుందన్న నమ్మకం ఇక్కడ వమ్మయింది. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. డబ్బు తక్కువగా ఉంటే పద్ధతిని కత్తిరించడం కన్నా బడుల సంఖ్యను తగ్గించుకోవడమే నయమని నేను భావిస్తున్నాను.

2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో, ఆ డబ్బుతో నడుస్తున్న ఇటువంటి పఠన కార్యక్రమాలు అనేక దేశాల్లో అర్ధాంతరంగా ఆగిపోయాయి. ఆ బడుల్లో ఇప్పుడు మిగిలినది టీచర్లు నేర్చుకున్న పద్ధతి, వారి బల్లల మీద ఉన్న గైడులు మాత్రమే. చదువు ముగించి ఉద్యోగంలో చేరాక చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే మీ స్కూల్ కాంప్లెక్సు సమావేశాల్లో ఈ సంగతులు మాట్లాడండి.

ప్రశ్న: మా ఆఫీసు మిత్రులం కలిసి ఆబిడ్స్, కోఠీ దుకాణాల్లో ఇంగ్లీషు కథల పుస్తకాలు కొని, పాత ట్యాబ్లెట్లు కూడా సేకరించి ఆఫ్రికాలోని ఒక బడికి పంపాలనుకుంటున్నాము. ఇది మంచి ఆలోచనేనా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: మీ ఉద్దేశం మంచిది. కానీ ఆ డబ్బును మరో విధంగా ఖర్చు చేయమని కోరుతున్నాను. పశ్చిమ కెన్యాలోని బుసియా ప్రాంతపు బడులకు పాఠ్యపుస్తకాలు ఇచ్చి చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలకు మాత్రమే ఆ పుస్తకాలు ఉపయోగపడ్డాయి. చాలామంది పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష కావడంతో, పుస్తకం చేతికి వచ్చినా అందులోని మాటలు అందలేదు. బడిలో వాడే పాఠ్యపుస్తకాలకే అలా జరిగినప్పుడు, ఇంగ్లండు పిల్లల కోసం రాసిన మంచు కథల పుస్తకాలు ఆ పల్లెలో ఎవరు చదువుతారు? అవి అలమారలో తాళం వేసి ఉంటాయి, ‘పిల్లలు చింపేస్తారు’ అన్న భయంతో.

దక్షిణాఫ్రికా సంస్థ సైడే 2014లో ప్రారంభించిన ‘ఆఫ్రికన్ స్టోరీబుక్’లో, మన దేశంలో ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో, అంటే ఈ రెండు వెబ్‌సైట్లలో, ఆఫ్రికా భాషల కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని ముద్రించుకోవచ్చు, మరో భాషలోకి మార్చుకోవచ్చు; అనుమతి కోసం ఎవరి చుట్టూ తిరగనవసరం లేదు. ఆ బడి ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి, పిల్లలు మాట్లాడే భాషలో ఉన్న చిన్న కథలను ఎంపిక చేయించి, ఆ దగ్గరి పట్టణంలోనే ముద్రించడానికి డబ్బు పంపండి. ఒకే కథ ముప్పై ప్రతులు ఉంటే తరగతి అంతా వేలు పెట్టి చదవగలుగుతుంది. ముప్పై కథలు ఒక్కో ప్రతి ఉంటే టీచరు చదువుతుండగా పిల్లలు వింటారు. రెండూ అవసరమే, కానీ మొదట కావలసింది మొదటిదే. రవాణా, కస్టమ్స్ ఖర్చు కూడా మిగులుతుంది. పాత ట్యాబ్లెట్ల విషయానికి వస్తే, వాటిని బాగుచేసేవారు, ఛార్జింగుకు నమ్మకమైన కరెంటు ఉన్నాయని బడివారు చెబితే తప్ప పంపవద్దు.

ప్రశ్న: మన తెలంగాణ పల్లెల్లోనే చదవడం రాని పిల్లలు ఉండగా, ఆఫ్రికా దాకా వెళ్లడం ఎందుకు?
పాఠకుడు, టోలీచౌకి

జవాబు: న్యాయమైన ప్రశ్నే. అయితే ఒకచోట చేస్తే మరోచోట మానేసినట్టు కాదు. 1995లో ముంబయి బస్తీల్లో మొదలైన ప్రథమ్ సంస్థ, పిల్లలను తరగతిని బట్టి కాకుండా వారు చదవగలిగే స్థాయిని బట్టి గుంపులుగా కూర్చోబెట్టే పద్ధతిని తీర్చిదిద్దింది. ఈ పద్ధతి ఘనా, బోత్స్వానా, జాంబియా వంటి దేశాలకు చేరింది. జాంబియాలో 2016లో ప్రయోగాత్మకంగా మొదలై, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు ప్రభుత్వ బడుల్లో ‘క్యాచ్ అప్’ పేరుతో నడుస్తోంది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా చదవడం, రాయడం, లెక్కల పునాదుల కోసమే ఉద్దేశించినది. విదేశానికి వెళ్లి సేవ చేయాలనుకునే యువతీయువకులు, ముందు తమ బస్తీలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒక విద్యాసంవత్సరం వారానికి ఒక రోజైనా కూర్చుని రావాలని నా అభిప్రాయం. ఒకటో తరగతి పిల్లవాడు చదవడం మొదలుపెట్టడం ఇక్కడ దగ్గరుండి చూడనివారు, అక్కడి టీచరుకు చెప్పగలిగేది చాలా తక్కువ.

ప్రశ్న: స్వచ్ఛంద సేవకు కెన్యా, ఉగాండా వంటి దేశాలకు వెళ్లేముందు ఏయే ఏర్పాట్లు చేసుకోవాలి?
పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: టూరిస్టు వీసా మీద వెళ్లి బడిలో పనిచేయడాన్ని అనేక దేశాలు ఒప్పుకోవు. జీతం లేకపోయినా అది పని కిందికే వస్తుంది. కాబట్టి ఆహ్వానించిన సంస్థ చేత రాతపూర్వకంగా వివరాలు తెప్పించుకుని, ఆ దేశపు దౌత్య కార్యాలయాన్ని ముందే అడగండి. పిల్లల మధ్య పనిచేయబోతున్నారు కనుక పోలీసు ధ్రువపత్రం కూడా సిద్ధంగా ఉంచుకోండి. అది అడగని సంస్థ విషయంలో కొంచెం ఆలోచించవలసిందే. కెన్యాలో విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది, ఏప్రిల్‌లో సెలవులు వస్తాయి. మన వేసవి సెలవులను చూసుకుని టికెట్టు కొంటే, వెళ్లేసరికి బడి మూసి ఉండవచ్చు.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అనే అనుకోండి. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు సర్టిఫికెట్టు లేకపోతే మన విమానాశ్రయాల్లో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. మామూలు క్లినిక్కుల్లో వేసినది చెల్లదు. 2016 నుంచి ఒకసారి తీసుకున్న సర్టిఫికెట్టు జీవితాంతం పనికివస్తుంది. అరవై ఏళ్లు దాటినవారికి ఈ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి, మల్కాజిగిరి ఉపాధ్యాయిని గారు ముందుగా తమ డాక్టరును సంప్రదించాలి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే సర్టిఫికెట్టు అమల్లోకి వస్తుంది కనుక, ప్రయాణం తేదీని దాన్ని బట్టి నిర్ణయించుకోండి.