గోబర్ గ్యాస్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 2 ఘనపు మీటర్ల దీనబంధు రకం గోబర్ గ్యాస్ ప్లాంటు. ఇంట్లో శుభకార్యం అయ్యాక మిగిలిన అన్నం, పప్పు మూడు రోజులు వరసగా అందులో పోశాం. మొదట గ్యాస్ బాగా వచ్చింది. ఇప్పుడు పొయ్యి అంటుకోవడం లేదు. స్లర్రీ (లోపలి పేడనీళ్లు) పుల్లటి వాసన కొడుతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: ప్లాంటు పులిసిపోయింది. అన్నం ఎక్కువ తిన్న గేదెకు కడుపు ఉబ్బినట్టే ఇదీను. పిండిపదార్థం త్వరగా కుళ్లి ఆమ్లాలుగా మారుతుంది. వాటిని మండే గ్యాస్ మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులు నిదానంగా పెరిగేవి, అంత వేగాన్ని అందుకోలేవు. పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 6.5 కంటే దిగితే అవి దాదాపు పని మానేస్తాయి. అప్పుడు వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, అది మండదు.

ముందు ఒకటి చూడండి. రాత్రంతా వాల్వు కట్టేసి, తెల్లారి బయటి తొట్టిలో స్లర్రీ మట్టం గమనించండి; లోపల గ్యాస్ చేరితే అది స్లర్రీని అందులోకి నెడుతుంది. మట్టం పెరిగినా పొయ్యి అంటుకోకపోతే పులుపే కారణం. పెరగకపోతే గ్యాస్ తయారే కావడం లేదు, లేదా డోమ్‌లోనో (గ్యాస్ నిలిచే గుమ్మటం) పైపులోనో లీకుంది. జాయింట్లకు సబ్బు నురగ రాసి చూడండి.

పులుపే అయితే నాలుగైదు రోజులు ఏమీ వేయొద్దు. అర కిలో తినే సోడా బకెట్ నీళ్లలో కరిగించి పోయండి. మర్నాడు పీహెచ్ కాగితంతో చూసి, 6.8కి రాకపోతే మళ్లీ అంతే పోయండి. సున్నం చవకే గానీ మోతాదు మించితే పీహెచ్ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది, అందుకే మేం సోడానే చెబుతాం. బాగా నడుస్తున్న ప్లాంటు స్లర్రీ నాలుగు బకెట్లు దొరికితే కలపండి, కోలుకోవడం తొందరవుతుంది. తర్వాత రోజూ 25 కిలోల పేడ, అంతే నీళ్లతో మొదలుపెట్టి, రెండు వారాల్లో మామూలు 50 కిలోలకు రండి.

ఇకపై వంటింటి వ్యర్థాలు రోజుకు రెండు మూడు కిలోలకు మించకుండా, నలిపి, పేడతో కలిపే వేయండి. నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు, కోడిగుడ్డు పెంకులు వద్దు. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లయితే అసలే వద్దు.

ప్రశ్న: మంట ఆగి ఆగి వస్తోంది, పైపులో గడగడమని చప్పుడు. – ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: పైపులో నీళ్లు చేరాయి. డోమ్ నుంచి వచ్చే గ్యాస్‌లో తేమ ఉంటుంది, అది చల్లబడి పల్లంలో నిలుస్తుంది. పైపు మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలుగా ఉండాలి. పల్లంలో టీ జాయింటు, కింద చిన్న వాల్వు పెట్టి, వారానికోసారి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని తెరవండి.

ప్రశ్న: కుళ్లిన గుడ్డు వాసన, బర్నర్‌కు తుప్పు. వడపోత ఇంట్లో చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: చేసుకోవచ్చు. అది హైడ్రోజన్ సల్ఫైడ్. తుప్పు పట్టిన ఇనుపరజను పీవీసీ పైపు ముక్కలో వదులుగా నింపి గ్యాస్ లైన్లో బిగించండి. తుప్పు నల్లబడితే పని అయిపోయినట్టు. తీసి గాలికి పలచగా ఆరబోస్తే మళ్లీ ఎర్రబడుతుంది. అలా ఎర్రబడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కాబట్టి గడ్డివాము దగ్గర కుప్పగా పోయకండి.