అమ్మకు మాట తట్టడం లేదు, నాన్న అందిస్తున్నారు

ప్రశ్న: అమ్మకు 69. హిందీ టీచరుగా రిటైరైంది, కాకినాడలో నాన్నతో ఉంటుంది. నేను పుణెలో. ఏడాదిగా ఫోన్లో "అదీ... అదేనే..." అంటూ ఆగిపోతోంది, పక్కనుంచి నాన్న అందిస్తారు. మొన్న గరిటెను "కలిపేది" అంది. టీచరు, రెండు భాషలొచ్చిన మనిషి, ఆవిడకేం కాదంటాడు అన్నయ్య. వదిన నటన అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: పక్కనుంచి నాన్న అందిస్తారని రాశారు చూడండి, నేనైతే ముందు దాన్నే పట్టుకుంటాను. ఇన్నేళ్ల కాపురంలో ఆమె వాక్యం ఆయన పూర్తి చేయడం అలవాటైపోయి, ఎంత పూర్తి చేస్తున్నారో ఆయనకే తెలియకపోవచ్చు, లేదా తెలిసి భయపడుతూ ఉండొచ్చు. అన్నయ్యతో వాదన తర్వాత. నాన్నగారితో ఒంటరిగా మాట్లాడండి. బ్యాంకు పని, మందులు, గ్యాస్ కట్టేయడం, ఇదివరకు అమ్మ చూసుకున్నవి ఇప్పుడెవరు చూస్తున్నారని అడగండి. ఆయన చడీచప్పుడు లేకుండా తన మీద వేసుకుని ఉంటే, అది ఫోన్లో మీరు విన్నదానికంటే ఎక్కువ చెబుతుంది.

పాత కొలీగ్ పేరు తట్టక, కాసేపటికి టీ తాగుతుంటే గుర్తొస్తే అది వయసే. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు పేరు పోయి దాని పని చెప్పాల్సి రావడం, మొదలెట్టిన విషయం మధ్యలో వదిలేయడం, నలుగురిలో మాట్లాడటం తగ్గించుకోవడం, ఇవి పెరుగుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. కొందరిలో మరపు కంటే ముందు మాటే మారుతుంది. అన్నయ్యగారి ధీమాకు కొంత ఆధారం లేకపోలేదు: హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మరపు, మాట, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయట. ఆలస్యమయ్యాయి, అంతే, రాకుండా పోలేదు. పైగా చదువుకున్నవాళ్లు లోటును మాటల్లో బాగా కప్పుకోగలరు. వదినగారి మాటకైతే జవాబు కూడా అనవసరం, నటించాలనుకున్నవాళ్లు గరిటె పేరు మర్చిపోవడం ఎంచుకోరు.

అలాగని ఇప్పుడే ఆ జబ్బు పేరు తగిలించకండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, సోడియం పడిపోయినా, చెవి సరిగ్గా వినపడకపోయినా, డిప్రెషన్ ఉన్నా, నిద్రమాత్రలూ కొన్ని జలుబు మాత్రలూ వాడుతున్నా మాట ఇలాగే తడబడొచ్చు, వీటిలో చాలావాటిని సరిచేయొచ్చు. ముందు ఫిజీషియన్, తర్వాత న్యూరాలజిస్టు. వెళ్లేటప్పుడు వేసుకునే మందులన్నీ పట్టుకెళ్లండి. ఏ మాట దగ్గర ఆగిందో, ఎప్పుడో, నాలుగు వారాలు రాసిపెట్టి అదీ చూపించండి. డాక్టరు అమ్మను అడిగినప్పుడు అమ్మనే చెప్పనివ్వమని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. అమ్మకు అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు, "మాట తట్టడం లేదు కదమ్మా, ఒకసారి చూపిద్దాం" అంటే చాలు, బహుశా ఆవిడకూ ఆ దిగులు ఉండే ఉంటుంది.

ఇంట్లో మాత్రం పరీక్షలు పెట్టొద్దు. "చెప్పు, ఇదేంటి? నేనెవరు?" అని మనవల చేత అడిగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆగితే ఆగనివ్వండి. "కలిపేది" అంటే గరిటె ఇచ్చి కబుర్లు కొనసాగించండి.

ఒక్కటి మాత్రం వేరు. ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరైనా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. నాలుగు వారాలు రాసుకోవడాలేవీ వద్దు, వెంటనే 108. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే పడాలి. మీరు పుణెలో ఉంటారు కాబట్టి ఈ సంగతి నాన్నగారికీ, పక్కింటివాళ్లకూ ఇవాళే చెప్పండి.