పెన్సిల్ దాచేసే పిల్లాడు

ప్రశ్న: మేడమ్, మాది తణుకు. పాపకి ఐదున్నర, బాబుకి మూడున్నర. వేసవి తర్వాత ఊరు మారాం, పాపకి మధ్యలో సీటు దొరకలేదు. బాబుని నర్సరీలో వేస్తే రోజూ ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటున్నాడని మాన్పించేశాం. డిగ్రీ చదివాను కదా, జూన్ దాకా నేనే చెప్పుకుంటానని ఇంట్లో అన్నాను. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఇద్దరినీ కూర్చోబెడుతున్నా. పాప అఆలు, ఏబీసీడీలు, వందలోపు అంకెలు రాస్తుంది కానీ విసుక్కుంటుంది. బాబుకి పెన్సిల్ ఇస్తే చాలు ఏడుపు. మొన్న దివాన్ కింద చీపురు పెడితే నాలుగు పెన్సిళ్లు బయటికొచ్చాయి, అన్నీ వాడు దాచినవే. ఎదురింట్లో వాడి ఈడు పిల్లాడు ఒకటి నుంచి యాభై రాసేస్తున్నాడు, మా అత్తగారు రోజుకు నాలుగుసార్లు ఆ మాటే ఎత్తుతారు. పైగా ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పాపకి టెస్టు పెడతారట. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: ముందు ఆ నాలుగు పెన్సిళ్ల సంగతి చూద్దామమ్మా. మూడున్నరేళ్ల పిల్లాడు నాలుగుసార్లు, మీ కంట పడకుండా, మీ చెయ్యి అందని చోటు చూసుకుని దాచాడంటే బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తోందని అర్థం. చెయ్యే ఇంకా సిద్ధంగా లేదు. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ వస్తాయి, ఆఖరిది మొదలయ్యేసరికి పిల్లలకి తొమ్మిదో పదో ఏళ్లొస్తాయి. వేళ్ల కండరాల పట్టు కూడా మెల్లగానే వస్తుంది. ఆ చేత్తో గీతల పుస్తకంలో ఒక పేజీ నిండా 'అ' దిద్దమంటే వాడికి నిజంగానే నొప్పి పుడుతుంది. ఆ మాట చెప్పడం రాక ఏడుస్తాడు, పెన్సిలే కనబడకుండా చేస్తే గొడవ ఉండదని వాడి ఆలోచన.

అక్షరాభ్యాసం నాడు ఏం చేశారో గుర్తుందా? పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని రాయించారు. పెద్దవాళ్లకి తెలుసు, ముందు వేలు, తర్వాతే బలపం అని. మనమేమో ఆ ముచ్చట ఫోటోలు తీసుకుని, మర్నాటి నుంచే పెన్సిల్ చేతిలో పెడుతున్నాం! బాబుకి ఓ ఆరునెలలు పెన్సిల్ మాట ఎత్తకండి. పళ్లెంలో బొంబాయి రవ్వ పోసివ్వండి, వేలితో గీసుకుంటాడు, చెరుపుకుంటాడు. చపాతీ పిండి ఉండలు చేయించండి, చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, తీగ మీది బట్టల క్లిప్పులు తీసి బుట్టలో వేయమనండి, తడి చేతిరుమాలు పిండించండి. ఇవన్నీ రాసే చెయ్యికి కసరత్తులే, అదనంగా మీకు కాస్త పని తీరుతుంది (తీరదు లెండి, మొదట్లో రెట్టింపవుతుంది). పలక మీద గీస్తానంటే కొత్త బలపం కాకుండా అరిగిపోయిన చిన్న ముక్క ఇవ్వండి. పొడుగ్గా ఉంటే పిడికిలితో పట్టుకుంటాడు, చిన్న ముక్కైతే మూడు వేళ్లతో పట్టుకోక తప్పదు. నేను ఇరవై రెండేళ్లు చిన్నపిల్లల తరగతిలో పనిచేశాను, పెన్సిల్ పట్టుకోవడం మాటలతో చెబితే వచ్చిన పిల్లాణ్ణి చూడలేదు, బలపం ముక్కలతో వచ్చినవాళ్లని చాలామందినే చూశాను.

ఎదురింటి యాభై గురించి. ఓసారి మీవాడి ముందు ఐదు బిస్కెట్లు దగ్గరదగ్గరగా ఒక వరుస, దాని కింద ఇంకో ఐదు దూరం దూరంగా ఒక వరుస పెట్టి, ఎందులో ఎక్కువున్నాయని అడగండి. పొడుగ్గా ఉన్న వరుసలోనే ఎక్కువున్నాయంటాడు. కోప్పడకండి, ఆ వయసులో దాదాపు అందరూ అదే అంటారు. స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి పరీక్షలతోనే చిన్నపిల్లల ఆలోచన మనది లాంటిది కాదని చూపించాడు. ఎదురింటి బాబుని అడిగినా ఇదే జవాబు రావచ్చు, యాభై దాకా రాసినా సరే. అంకె బొమ్మ గీయడం వేరు, ఐదంటే ఎన్నో తెలియడం వేరు. ఆ రెండోది అన్నాల దగ్గర వస్తుంది. "ఇంట్లో ఎంతమందిమి? కంచాలు పెట్టు" అనండి. ఒకటి తక్కువ తెస్తాడు. "నాన్నకేదీ?" అనండి. మళ్లీ వంటింట్లోకి పరిగెత్తి ఇంకోటి తెస్తాడు చూశారా, అదే లెక్క.

ఇక పాప. దానికి విసుగెందుకంటే రాసిందే రాస్తోంది, రాసినదానితో చేసేదేమీ లేదు. వరుసగా యాభై ఆరు అక్షరాలూ వస్తేనే చదవడం అనే పట్టు వదిలేయండి. ఋషినీ చూడలేదు, ఋ తో ఇంకో మాటా వినలేదు, ఆ పిల్లకి దాంతో పనేముంది? వరుస పాటలా నోటికి రానివ్వండి, చదవడానికి మాత్రం ఏడు అక్షరాలు తీసుకోండి: త, ల, వ, క, ప, జ, డ. పాత పెళ్లికార్డుల వెనక పెద్దగా రాసి కత్తిరించండి. గుణింతాలు రాకుండానే తల, వల, కల, జడ, వడ, పలక, పడవ, కడవ అన్నీ ఇందులోంచే వస్తాయి. రెండు కార్డులు అటూ ఇటూ మార్చి తలని లత చేసి చూపించండి, నవ్వకపోతే నన్నడగండి. 'వ', 'ప' మాత్రం ఒకేసారి చూపించకండి, ఒకలాగే ఉండి తికమకపెడతాయి, మధ్యలో వారం పదిరోజులు ఎడం ఇవ్వండి. వడ అని చదివిన రోజు వడ వేయండి, మళ్లీ మర్చిపోతే ఒట్టు.

రెండు గంటలు కూర్చోబెట్టడం ఇద్దరికీ ఎక్కువే. పాపకి ఇరవై నిమిషాలు, అదీ రెండు విడతలుగా. బాబుకి కూర్చోవడమే వద్దు. మిగతా రోజంతా మీరు మాట్లాడే మాటలే పాఠం. పచ్చిమిరపకాయ ఘాటెందుకు, నీళ్లు మరిగితే మూత ఎందుకు ఎగురుతోంది, ఇలాంటివి వాళ్లే అడుగుతారు. ఫోన్లో రైమ్స్ పెట్టి వంట చేసుకోవడం అందరం చేసేదే, నేను కాదనను, కానీ రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంటకి మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఇంకా తక్కువైతే మరీ మంచిదంది.

అత్తగారితో వాదన పెట్టుకోకండి, పని అప్పజెప్పండి. వామనగుంటల పీట ఉందేమో అడగండి. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు, చింతగింజలు పంచడం, తీయడం, ఎవరికెన్ని వచ్చాయో చూసుకోవడం, పాప వయసుకి ఇంతకంటే మంచి లెక్కల పుస్తకం ఏ దుకాణంలోనూ దొరకదు. ఒక్క జాగ్రత్త, గింజలు బాబుకి అందకూడదు. మా తమ్ముడి కొడుకు ఆ వయసులోనే చింతగింజ ముక్కులో దూర్చుకున్నాడు, మేం పిన్నీసుతో తీయబోయి ఇంకా లోపలికి తోశాం, తడికి అది ఉబ్బింది, అర్ధరాత్రి డాక్టర్ దగ్గరికి పరుగు. అలాంటిది జరిగితే కెలక్కుండా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

టెస్టు మాట. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. స్కూల్లో ఈ మాట మర్యాదగానే అడగండి, "ఊరికే పరిచయం కోసమండీ" అంటారు, చాలామంది అక్కడే తగ్గుతారు. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండాలంటోంది, మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పమంటోంది. జూన్‌కి పాపకి ఆరు నిండుతాయో లేదో చూసుకుని, మీ స్కూల్లో వయసు ఏ తేదీకి లెక్కిస్తారో ఇప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: అమ్మా, నేను జనగామ దగ్గర కిరాణా కొట్టు నడుపుతాను. చదివింది ఏడో తరగతి. కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మా నాలుగేళ్ల బిడ్డకి నాలాంటోడు ఏం నేర్పగలడు?

జవాబు: కొట్టు పెట్టుకుని ఈ మాట అడుగుతున్నారా తండ్రీ! ఆదివారం బిడ్డని ఓ గంట కొట్టుకి తీసుకెళ్లండి. పాత త్రాసు అటక మీద ఉంటే దింపండి. ఒక పక్క కిలో రాయి, రెండో పక్క అరకిలో రాయి వేసి, సమానం కావాలంటే ఇంకేం వేయాలో వాడినే వెతకనివ్వండి. చిల్లర వేరు చేయమనండి, రూపాయలు ఒక డబ్బా, రెండ్రూపాయలు ఒక డబ్బా, అయిదులు ఇంకోటి. నోట్లో పెట్టుకోకుండా పక్కనే ఉండండి. కళ్లు మూయించి, ధనియాలో జీలకర్రో వాసన చూసి చెప్పమనండి.

రాత్రి వాడు మెలకువగా ఉంటే, ఆ రోజు కొట్టుకి ఎవరొచ్చారో, ఏం కొన్నారో, ఎవరు అప్పు పెట్టి పోయారో చెప్పండి, మధ్యలో ఆపి "అప్పుడేమన్నాడో చెప్పు చూద్దాం" అనండి. పుస్తకం చదవడం రాదని దిగులొద్దు. మీకు కథ చెప్పడం వచ్చు, కొట్టు నడిపేవాడికి రాకుండా ఎలా ఉంటుంది? మీరొచ్చేసరికే వాడు నిద్రపోయి ఉంటే పొద్దున పళ్లు తోమించేటప్పుడు చెప్పండి, ఆ పది నిమిషాలు మీదే.