చట్టం రద్దయితే కట్టిన ఇంటి పన్ను తిరిగి వస్తుందా?

సందేహం: మాది తిరుపతి కొర్లగుంట. కింద మేముంటూ పై పోర్షన్ అద్దెకిచ్చాం. 2021 నుంచి ఇంటి పన్ను ఏటా పెరుగుతోంది. ఆస్తి విలువ మీద పన్ను వేసే చట్టాన్ని రద్దు చేయాలని మా వీధిలో అంటున్నారు. రద్దయితే ఎక్కువ కట్టింది తిరిగి ఇస్తారా? అప్పటిదాకా కట్టొద్దని మా బావమరిది చెబుతున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక మాట. దయచేసి కట్టడం ఆపకండి. బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. అర్ధ సంవత్సరం పన్ను 4,000 అనుకుంటే నెలకు 80 రూపాయలు ఊరికే పోతాయి. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కడితే వచ్చే 5 శాతం తగ్గింపూ పోతుంది. రద్దు బిల్లును శాసనసభ, మండలి ఆమోదించి, గవర్నర్ సంతకం చేసి, గెజిట్‌లో వచ్చేదాకా ఇప్పుడున్నదే చట్టం.

ఇక తిరిగి రావడం గురించి. చాలామంది పొరబడేది ఇక్కడే. చట్టాన్ని కోర్టు కొట్టేయడం వేరు, శాసనసభే ఆ చట్టాన్ని రద్దు చేయడం వేరు. రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేస్తే ఆ పన్నుకు మొదటి నుంచీ ఆధారం లేనట్టు. చట్టం లేనిదే పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతోంది కాబట్టి వాపసు అడిగే దారి ఉంటుంది. శాసనసభ చట్టాన్ని రద్దు చేస్తే మాత్రం మామూలుగా ఆ రోజు నుంచే వర్తిస్తుంది. అంతకుముందు కట్టింది కట్టినట్టే, బాకీ ఉన్నది ఉన్నట్టే. చట్టాలను ఎలా అన్వయించాలో చెప్పే జనరల్ క్లాజెస్ చట్టం సూత్రం ఇది. కట్టింది తిరిగి ఇస్తామనో, వచ్చే పన్నులో సర్దుతామనో బిల్లులోనే రాస్తే తప్ప మీ చేతికి రూపాయి రాదు.

ఇంకొకటి. 2020లో మున్సిపల్ చట్టాలకు చేసిన సవరణ, ఇంటికి వచ్చే అద్దె విలువ మీద పన్ను వేసే లెక్క తీసి ఆస్తి విలువ లెక్క పెట్టింది. దాన్ని రద్దు చేసినంత మాత్రాన పాత లెక్క తనంతట తాను లేచి రాదు. దాని బదులు ఏం పెడతారన్నది బిల్లులో ఉండాలి. అందుకే 'రద్దు' అన్న ఒక్క మాట పట్టుకుని పోరాడటం చాలదని నా అభిప్రాయం. మన నొప్పి వేరే చోట ఉంది. ఏటా 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఊరటలా కనిపిస్తుంది గానీ, పెరిగిన దాని మీదే మళ్లీ 15 పడుతూ పోతే అయిదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. పైగా రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే ఆ లెక్కా పెరుగుతుంది. ఇల్లు అమ్ముకోని మనిషికి పెరిగిన ధర చేతికి రాదు, పన్ను డిమాండ్ మాత్రం ఇంటికొస్తుంది. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య రేటు పెట్టే వీలు ఇప్పటి చట్టంలోనే ఉంది. రేటు తగ్గించమని మీ వీధి వాళ్లంతా అడగాలి. దానికి రద్దు దాకా ఆగనక్కర్లేదు.

మీరు ఈ వారంలోనే చేయాల్సింది, అసెస్‌మెంట్ కాపీ (మీ ఇంటికి పన్ను ఎలా లెక్కగట్టారో చూపే కాగితం) తీసుకుని చూడటం. కొలతలు సరిపోయాయా? పై పోర్షన్‌ను కమర్షియల్ కింద రాశారా? అద్దెకున్నవాళ్లు అక్కడ కాపురమే ఉంటే అది నివాసమే, అద్దె వస్తోందని కమర్షియల్ రేటు వేయకూడదు. తప్పుంటే పన్ను మళ్లీ పరిశీలించమని మున్సిపల్ కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి.