చిన్న ఆటోజైరోలో ప్రొపెల్లర్ ఎంత ఎత్తులో ఉండాలి?

ఆటోజైరో అంటే పైన గాలికే తిరిగే రెక్కల (రోటర్) మీద ఎగిరే విమానం. ఇంజన్ వెనక ఉండే చిన్న ఆటోజైరోలో ప్రొపెల్లర్ థ్రస్ట్ రేఖ (ప్రొపెల్లర్ నెట్టే బలం సాగే గీత) గరిమనాభి (మొత్తం బరువు కేంద్రం) గుండా గానీ, దానికి 5 సెం.మీ. లోపు గానీ వెళ్లాలి. ఆ గరిమనాభిని పైలట్‌, ఇంధనం బరువుతో సహా చూడాలి, ఖాళీ ఫ్రేముతో కాదు.

థ్రస్ట్ గరిమనాభికి పైన ఉండి ముందుకు నెడితే ముక్కు కిందికి దిగబోతుంది. మామూలుగా రోటర్ లాగుడు దాన్ని ఆపుతుంది. గాలి కుదుపుకో, స్టిక్‌ను (రోటర్‌ను వంచే చేతికర్రను) గట్టిగా ముందుకు నెట్టినందుకో రోటర్ మీద భారం పోయిందంటే ఆపేదేమీ ఉండదు; యంత్రం క్షణాల్లో ముందుకు పల్టీ కొడుతుంది. ఇది ప్రాణాంతకం.

ఉదాహరణకు, 150 కిలోల థ్రస్ట్ గరిమనాభికి 20 సెం.మీ. ఎత్తున పనిచేస్తే, దానికి మీటరు ముందు 30 కిలోలు వేలాడదీసినట్టే. 5 సెం.మీ. అయితే 7.5 కిలోలే. పెద్ద ప్రొపెల్లర్ కీల్‌కు (ఫ్రేము అడుగున పొడవునా ఉండే గొట్టానికి) తగలకుండా ఇంజన్ ఎత్తి, సీటును మాత్రం అడుగునే వదిలేస్తే ఈ తేడా వస్తుంది. సీటూ ఎత్తండి, లేదా కీల్ వెనక భాగాన్ని దించండి. తోకకు అడ్డ స్టెబిలైజర్ (ముక్కు పైకీ కిందికీ ఊగకుండా నిలిపే అడ్డ రెక్క) ఎలాగూ తప్పదు.

ముక్కు వాలితే స్టిక్ వెనక్కి లాగితే చాలని చాలామంది అనుకుంటారు. భారం లేని రోటర్‌తో స్టిక్ పనిచేయదు. ముందు థ్రాటిల్ తగ్గించాలి, తర్వాతే స్టిక్‌ను మెల్లగా వెనక్కి తేవాలి.